మా ఊరి బడిలో 11 మంది పిల్లలే మిగిలారు. చేతిలో 2 లక్షలున్నాయి. మొదట ఏం చేయాలి?

కంబదూరు_కుర్రోడు | జనవరి 19

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో చిన్న ఊరు, 190 ఇళ్లుంటాయి. నేను ఎనిమిదేళ్లుగా బెంగళూరులో పీణ్య వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నా. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు బడి ముందు నుంచి నడుస్తూ, సెలవులు కదా అందుకే చప్పుడు లేదు అనుకున్నా. "సెలవులైపోయినా ఇంతేరా, 11 మందే వస్తారు" అని అమ్మ చెప్పింది. నేను చదివేటప్పుడు ఒకటి నుంచి ఐదు దాకా 70 మందికి పైనే ఉండేవాళ్లం, వరండాలో చోటు చాలక వేపచెట్టు కింద కూర్చునేవాళ్లం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బెంగళూరులో ఉండే మా ఊరి కుర్రోళ్లం 34 మందిమి ఒక గ్రూపు పెట్టుకుని నెలనెలా కొంత వేసుకుంటే ఇప్పటికి 2 లక్షల 10 వేలు అయ్యాయి. ఏం చేద్దామంటే తలా ఒక మాట. ఊరి ముందర ఆర్చి కట్టిద్దామని కొందరు, నీళ్ల ప్లాంటు అని కొందరు, బడికి పెద్ద టీవీ అని నేను. ఊరు బాగుపడాలంటే మొదట దేని మీద పెట్టాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

సర్కారుబడి_అయ్యోరు | జనవరి 19

తమ్ముడూ, నేను 19 ఏళ్లుగా ఈ జిల్లాలోనే ప్రాథమిక పాఠశాలల్లో పని చేస్తున్నాను. టీవీ కొనొద్దు. టీవీ లేదని ఏ పిల్లాడూ బడి మానడు, టీవీ ఉందని ఏ తల్లీ పిల్లల్ని వెనక్కి తీసుకురాదు. నాడు-నేడు 2019లో మొదలయ్యాక చాలా బడులకు బెంచీలు, మరుగుదొడ్లు, ఫ్యాన్లు, రంగులు వచ్చాయి. అవి కావలసినవే, కాదనను. కానీ రంగులేసిన బడుల్లో కూడా పిల్లలు తగ్గారు.

లోపల జరిగేది ఇది. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలి. రేషనలైజేషన్ అని, అంటే టీచర్ల సర్దుబాటుకు, లెక్కలు వేసేటప్పుడు పిల్లలు మరీ తగ్గిన చోట ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరే ఐదు తరగతులూ చెప్పాలి, యాప్‌లో హాజరు వేయాలి, భోజనం ఫోటో పెట్టాలి, మీటింగుకు పోవాలి. ఆయన లేని రోజు బడి మూత. అది చూసి ఇంకో ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పిస్తారు, సంఖ్య ఇంకా పడిపోతుంది. 2022లో వచ్చిన జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని చాలా చోట్ల హైస్కూళ్లకు తరలించినప్పుడు ఇది ఇంకా ముదిరింది. 2025లో ఆ జీవో పోయింది గానీ అప్పటికే వ్యాను ఎక్కిన పిల్లలు వ్యాను దిగలేదు.

అందుకని ముందు ఒక పని చెయ్యండి. మీ ఊళ్లో 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు ఎంతమంది, వాళ్లలో ఒక్కొక్కరు ఎక్కడ చదువుతున్నారు, ఎందుకు అక్కడ చదువుతున్నారు, ఇంటింటికీ పోయి రాసుకోండి. ఆ కాగితం లేకుండా 2 లక్షలు ఖర్చు పెడితే దారిలో పోసిన నీళ్లే.

వ్యాను_ఎక్కించే_తల్లి | జనవరి 20

నేను మీరు చెప్పే ఆ తల్లులలో ఒకదాన్ని. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నా కూతురు మూడో తరగతి, ప్రైవేటు బడికి వ్యానులో పంపిస్తున్నాను. అందరూ ఇంగ్లీషు పిచ్చి అంటారు, నాకు బాధ కలుగుతుంది. నేను పొద్దున 7 గంటలకు కూలికి పోవాలి. మా ఆయన బేల్దారి పని మీద బెంగళూరులో ఉంటాడు, నెలకొకసారి వస్తాడు. అత్తకు కళ్లు సరిగా కనిపించవు. ఊరి బడి తెరిచేది 9కి. 7 నుంచి 9 దాకా ఆడపిల్లను ఎవరి దగ్గర వదలాలి? వ్యాను 7.15కి వస్తుంది, సాయంత్రం 5.30కి దింపుతుంది, ఆ టైముకి నేను ఇంటికి చేరుకుంటాను. ఫీజు, వ్యాను కలిపి నా కూలిలో చాలా భాగం పోతుంది. అయినా మనసుకు టెన్షన్ ఉండదు.

అక్కడ చదువు గొప్పగా ఉందని నేను చెప్పడం లేదు. పోయినేడాది నోటుపుస్తకాలు చూస్తే తప్పులకు కూడా టిక్కు పెట్టి ఉన్నాయి.

సర్కారుబడి_అయ్యోరు | జనవరి 20

అమ్మా, ఇన్నేళ్లు ఇన్ని మీటింగుల్లో కూర్చున్నాను, ఈ మాట మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. సిలబస్ గురించి, మీడియం గురించి మాట్లాడుకున్నాం గానీ 7 నుంచి 9 దాకా గురించి మాట్లాడలేదు. చాలా థ్యాంక్స్ అమ్మా.

సుగ్గి_దారి | జనవరి 20

నాది కర్నూలు జిల్లా కోసిగి. మీకు బెంగళూరు, మాకు గుంటూరు. సంక్రాంతి దాటిందంటే మిరపకాయలు కోయడానికి ఊళ్లకు ఊళ్లు లారీల్లో, ట్రాక్టర్లలో కదిలిపోతాయి. మేము దాన్ని సుగ్గికి పోవడం అంటాము. ముసలివాళ్లు, తాళాలు మాత్రం మిగులుతాయి. నేను కూడా నాలుగో తరగతిలో జనవరి నుంచి ఉగాది దాకా మా అమ్మతో మిరప చేలల్లోనే ఉన్నాను, గుడారంలో. కళ్ల మంట ఇప్పటికీ గుర్తుంది. తిరిగి వచ్చాక లెక్కల్లో భాగహారం అయిపోయింది, నాకు రాలేదు, చాలా ఏళ్లు రాలేదు.

నేను నిలబడింది సీజనల్ హాస్టల్ వల్ల. వలస పోయే ఇళ్ల పిల్లల కోసం ఊరి బడిలోనే రాత్రి బువ్వ పెట్టి, అక్కడే పడుకోబెట్టి, మూడు నాలుగు నెలలు చూసుకుంటారు. సర్వశిక్షా అభియాన్ నిధులతో మా వైపు నడిపారు. ఒకటే సమస్య, పిల్లలు పోయాక మంజూరు వస్తే లాభం లేదు. డిసెంబరులోనే పేర్లు రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వాలి. మీ ఊరి లెక్క తీసేటప్పుడు అమ్మానాన్నలతో పోయిన పిల్లల్ని వేరే కాలమ్‌లో రాయన్నా.

చీనీ_తోట | జనవరి 21

గార్లదిన్నె నుంచి. బడి గురించి అందరూ బాగా చెప్పారు, కానీ నా మాట వేరే. ఆ తల్లి ఎందుకు కూలికి పోతోంది, ఆయన ఎందుకు బెంగళూరులో ఉన్నాడు? పొలంలో ఏమీ మిగలక. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అది కూడా చెనిక్కాయకు (వేరుశనగకు) కావలసిన రోజు పడదు. ఊడలు దిగే టైముకి ఎండ కాస్తే కాయ ఊరదు, పీకేటప్పుడు ముసురు పట్టుకుంటే కట్టె కూడా కుళ్లిపోతుంది, పశువులకు మేత కూడా ఉండదు. దేశంలో ఉపాధి హామీ పథకం మొట్టమొదట మొదలైంది ఇక్కడే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. మన కరువు అంత పేరు మోసింది.

నీళ్లు లేకుండా ఏదీ నిలవదు. నేను మూడు బోర్లు వేసి రెండు ఎండబెట్టుకున్నాను, ఆ అప్పు మీద వడ్డీ ఇంకా కడుతున్నా. మీ ఊరి చెరువులో పూడిక ఎంత ఉందో చూడండి, వంకల్లో చెక్‌డ్యాములు పనిచేస్తున్నాయో లేదో చూడండి. 2 లక్షలు పూడికకే పెట్టండి. ఆ ఒండ్రు మట్టి రైతులు వాళ్ల ట్రాక్టర్లతోనే తోలుకుంటారు, జేసీబీ బాడుగ మీరు ఇస్తే చాలు.

ఇంకో మాట. మహారాష్ట్రలో హివరే బజార్ అని ఒక ఊరుంది. పోపట్‌రావ్ పవార్ 1989లో సర్పంచ్ అయ్యాక ఏటా పడిన వాన లెక్క వేసి, ఉన్న నీళ్లకు తగిన పంటే వేయాలని ఊరంతా కట్టుబడింది. వలస పోయినవాళ్లు తిరిగి వచ్చారు. మన దగ్గర కూడా ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో 7 కరువు జిల్లాల్లో రైతులే వానమాపకం పెట్టుకుని, బావుల్లో నీటిమట్టం కొలిచి, పంట నీటి బడ్జెట్ వేసుకునే పథకం నడిచింది, అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి. మా పక్క ఊళ్లో ఒకాయన ఇప్పటికీ గోడ మీద వాన లెక్క రాస్తాడు. పథకం పోయినా ఆయన మానలేదు.

డ్వాక్రా_అక్క | జనవరి 21

చీనీ తోట అన్నా, నీళ్లు ముఖ్యం, ఒప్పుకుంటా. కానీ చెరువు నిండేదాకా ఆడోళ్లు ఆగలేరు. వాన దేవుడి చేతిలో ఉంది, పాలు మన చేతిలో ఉన్నాయి.

నేను ధర్మవరం దగ్గర సంఘం లీడర్‌ని. ఆరేళ్ల కింద మా ఊళ్లో పాలు పోసేది ఒకాయనకే. సైకిల్ మీద వచ్చి గ్లాసుతో కొలిచి లీటరుకు ఒకటే రేటు ఇచ్చేవాడు. బర్రె పాలకూ అంతే, ఆవు పాలకూ అంతే. మేము 22 మందిమి సంఘం అప్పులోంచి తలా కొంత వేసుకుని పాలలో ఫ్యాట్ (వెన్న శాతం) కొలిచే మిషను కొన్నాము. అందరి ముందర మిషనులో పోస్తాము, ఫ్యాట్ ఎంత, లీటర్లెన్ని, రేటెంత, చీటీ వస్తుంది. పాల డెయిరీ బండి కోసం పోరాడాల్సి వచ్చింది, ఫలానా లీటర్లు ఉంటేనే ఆపుతాం అన్నారు. పక్క ఊరి పాలు కూడా కలిపాము. ఇప్పుడు 15 రోజులకొకసారి బిల్లు ఆడోళ్ల ఖాతాలో పడుతుంది.

దీంట్లో అసలు సంగతి డబ్బు ఒక్కటే కాదు. రెండు ఆవులున్న ఇంట్లో ఆడమనిషి పొద్దునా సాయంత్రం ఊళ్లోనే ఉండాలి. కూలికి 7కే పరుగెత్తే పని తగ్గుతుంది. మా ఊళ్లో బెంగళూరు పోవడం మానినవాళ్లు నాకు తెలిసి 5 ఇళ్లవాళ్లు, వాళ్ల పిల్లలు మళ్లీ బడికి వస్తున్నారు.

మేత గురించి ఇప్పుడే చెప్తున్నా. ఎండాకాలం గడ్డి కొనాల్సి వస్తే లాభమంతా అందులోకే పోతుంది. చెనిక్కాయ కట్టె, కొర్ర గడ్డి వామి వేసి పెట్టుకున్నవాళ్లే నిలబడ్డారు.

రిటైర్డ్_మేనేజర్ | జనవరి 22

పెద్దవాడిగా ఒక మాట చెబుతాను, కోప్పడవద్దు. నేను కడప జిల్లా పల్లెలో పుట్టి, బ్యాంకులో పని చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. నా పిల్లలు ఊళ్లోనే ఉండి ఉంటే ఈ చదువులు చదివేవాళ్లు కాదు. ఊరు వదలడం పాపం కాదు. 11 మంది పిల్లల కోసం ఒక బడిని పట్టుకుని వేలాడే బదులు, ఆ పిల్లల్ని మంచి హాస్టల్లో చేర్పించి ఫీజులు కట్టండి. 2 లక్షలకు ఆ పిల్లల జీవితాలైనా మారతాయి. మా ఊళ్లోనూ ఇలాగే ఆవేశంగా ఒక కమ్యూనిటీ హాలు కట్టాం. ఇప్పుడు అందులో ఎరువుల బస్తాలున్నాయి.

కంబదూరు_కుర్రోడు | జనవరి 22

సార్, మీ మీద కోపం లేదు. నేను కూడా ఊరు వదిలినవాడినే. కానీ ఆరేళ్ల పిల్లను హాస్టల్లో పెట్టమంటే ఎట్లా సార్. పదో తరగతి అయ్యాక ఎక్కడికైనా పోనీ, బెంగళూరు పోనీ, అమెరికా పోనీ. అయిదో తరగతి దాకా అమ్మ దగ్గర పడుకుని చదువుకునే వీలు ఉండాలి. మా చెల్లెలు రెండో తరగతిలో హాస్టల్‌కు పోయింది, వారానికొకసారి నాన్న పోతే కిటికీ ఊచలు పట్టుకుని వదిలేది కాదు. ఆమె బాగా చదివింది, నర్సు అయింది. ఇప్పటికీ ఆ సంవత్సరం గురించి ఎవరితోనూ మాట్లాడదు.

మీ కమ్యూనిటీ హాలు మాట మాత్రం గ్రూపులో చెప్పాను. ఆర్చి గురించి గట్టిగా పట్టుబట్టినవాళ్లు కొంచెం తగ్గారు.

సచివాలయం_నుంచి | జనవరి 23

నేను ఒక గ్రామ సచివాలయంలో పని చేస్తాను, ఏ ఊరో చెప్పను. సొంత డబ్బు పెట్టే ముందు పంచాయతీ డబ్బు ఎంత ఉందో అడగండి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పెట్టిన రూలు ప్రకారం పంచాయతీకి వచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం మీదే పెట్టాల్సి ఉండేది, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. అంటే నీళ్ల ప్లాంటు, కాలువలు లాంటి వాటికి మీరు చందా వేయక్కర్లేదు. గ్రామసభలో అడిగి ప్లానులో పెట్టించండి. పూడిక, పంట కుంటలు, చెక్‌డ్యాముల రిపేరు లాంటివి ఉపాధి పనుల్లో పెట్టించవచ్చు, వాటికీ గ్రామసభ తీర్మానమే ఆధారం.

గ్రామసభకు నేను చూసినంత వరకు 20 మంది వస్తారు, సంతకాలు చేసి టీ తాగి పోతారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు మాత్రం మా దగ్గర జనం బాగా వచ్చారు, ఒక ముసలామె లేచి "మా వీధిలో కుళాయికి నాలుగు నెలలుగా నీళ్లు లేవు" అని చెబితే మూడు రోజుల్లో పైపు వేశారు. ఆ ఒక్క మాట రాతలో పడడం వల్ల జరిగింది. జనవరి 26న సభ ఉంటుంది, అన్నా. సెలవు పెట్టుకుని పో. నోటితో చెప్పి రావద్దు, కాగితం మీద రాసి ఇచ్చి, తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకుని రా.

ప్రొద్దుటూరు_పాఠకుడు | జనవరి 23

దీనికి ఒకటి కలుపుతాను. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం, చాలామందికి ఆ సంగతే తెలియదు. అందుకని లైబ్రరీ అడగడం మన హక్కు. కడపలో బ్రౌన్ గ్రంథాలయం చూసి వచ్చిన రోజు నుంచి నాకు ఇదే పిచ్చి. మా వీధిలో పాత రేషన్ షాపు గదిలో 300 పుస్తకాలు పెట్టాం, సాయంత్రం 6 నుంచి 8 దాకా లైటు వేసి ఉంచుతాం. పుస్తకాలు తీసేది కొద్దిమందే. కానీ కానిస్టేబుల్ పరీక్షకు, డీఎస్సీకి చదివే కుర్రోళ్లు వచ్చి కూర్చుంటారు, వాళ్ల పక్కన చిన్నపిల్లలు హోంవర్క్ చేసుకుంటారు. ఇళ్లలో టీవీ మోగుతుంటే ఎక్కడ చదువుతారు పాపం.

సర్కారుబడి_అయ్యోరు | జనవరి 24

పాఠకుడు గారి మాటతో నాకు ఒకటి తట్టింది. ఆ తల్లి చెప్పిన 7 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివి పెళ్లి కోసమో పరీక్ష కోసమో ఇంట్లో ఉన్న ఆడపిల్లలు తప్పకుండా ఉంటారు. ఇద్దరిని పెట్టుకుని నెలకు తలా 3 వేలు ఇస్తే ఏడాదిలో బడి నడిచే 10 నెలలకు 60 వేలు. మీ 2 లక్షలతో మూడేళ్లకు పైగా నడుస్తుంది. పొద్దున పిల్లలు బడి వరండాలోకి వస్తారు, ఆ అమ్మాయిలు ఎక్కాలు చదివిస్తారు, కథ చదివిస్తారు, సాయంత్రం ఆడిస్తారు. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు మన జిల్లా పల్లెల్లో ఇలాంటి అదనపు బడులు ఏళ్ల తరబడి నడిపారు, వాటిలో చదివి టీచర్లయిన వాళ్లు నా తోటి ఉద్యోగుల్లోనే ఉన్నారు. కొత్త విషయమేం కాదు.

బడి ఆవరణ వాడుకోవాలంటే పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం చేయించండి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లే ఉండాలి. చాలా ఊళ్లలో ఆ కమిటీ సభ్యులకే తాము సభ్యులమని తెలియదు.

వ్యాను_ఎక్కించే_తల్లి | జనవరి 24

ఇలా ఉంటే నేను వ్యాను మానిపిస్తాను. కానీ ఇంకో రెండు చెబుతా. రెండో టీచరు కావాలి, ఒక్క సారు సెలవు పెడితే బడి మూయకూడదు. రెండోది, ఐదు అయ్యాక హైస్కూలు దూరం, మా ఊరి నుంచి 6 కిలోమీటర్లు, బస్సు టైము బడి టైముతో కలవదు. ఆరో తరగతికి ఎలాగూ వ్యాను ఎక్కించాలి కదా, ఇప్పుడే అలవాటు చేద్దాం అనుకునే తల్లులు చాలామంది ఉన్నారు. బస్సు మార్చమని అందరం కలిసి అడగాలి.

గానుగ_వాడు | జనవరి 25

ఊరి ఆదాయం గురించి అడిగారు కాబట్టి. చెనిక్కాయలు పండించే ఊళ్లో ప్యాకెట్ పామాయిల్ కొనుక్కుని తింటున్నాం, ఇది నాకు చాలా బాధ. క్వింటాలు కాయలు ఒలిస్తే 65 నుంచి 70 కిలోల విత్తనాలు, గానుగ ఆడితే 26 నుంచి 28 కిలోల నూనె, మిగతా చెక్క పశువులకు. పాల మనుషులకు ఆ చెక్క బంగారం. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకంలో ఇలాంటి చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం సబ్సిడీ పెట్టారు, పరిమితి 10 లక్షలు. కానీ నేను చేసిన తప్పు మీరు చేయకండి. నేను మిషను ముందు కొన్నాను, నూనె ఎవరు కొంటారో తర్వాత చూసుకున్నాను. ఏడాది పాటు డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి. మీకు బెంగళూరులో 34 మంది ఉన్నారు కదా, వాళ్ల ఇళ్లకే నెలకు ఎన్ని లీటర్లు కావాలో అడిగి రాసుకోండి. అది తేలాకే మిషను.

చీనీ_తోట | జనవరి 25

అవునప్పా, కొనేవాడు ముందు. 2020 సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు పండ్లతో కిసాన్ రైలు మొదటిసారి బయల్దేరినప్పుడు మాకు అర్థమైంది. ఒక్కడి దగ్గర నాలుగు టన్నులుంటే ఎవరూ మాట్లాడరు, పదిమంది సరుకు ఒకచోట చేరితే ఢిల్లీ వ్యాపారి ఫోన్ చేస్తాడు.

పాల విషయంలో కూడా అక్క మాటే సరి, నేను చెరువు ముందు అన్నది వెనక్కి తీసుకుంటున్నా. పూడిక తీర్మానం సభలో పెట్టించండి, సొంత డబ్బు పిల్లలకు, పాలకు పెట్టండి.

కంబదూరు_కుర్రోడు | ఫిబ్రవరి 9

సెలవు పెట్టి పోయి వచ్చాను. 26న సభకు రెండు కాగితాలు తీసుకుపోయాను. ఒకటి చెరువు పూడిక, ఒకటి బస్సు టైము. రెండూ పుస్తకంలో ఎక్కాయి, ఫోటో తీసుకున్నాను. సభకు మొదట ఇరవై మందే వచ్చారు. అమ్మ పోయి ఆడోళ్లను పిలుచుకు వస్తే 60 మంది దాటారు.

లెక్క కూడా తీశాం, నేను, ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, మూడు రోజులు. 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు మొత్తం 43 మంది. ఊరి బడిలో 11. వ్యానులో 19. అమ్మానాన్నలతో బెంగళూరులో 8. బంధువుల ఇళ్లలో, హాస్టళ్లలో 5. వ్యాను ఎక్కే 19 మంది తల్లులను ఎందుకు అని అడిగితే, నేను ఇంగ్లీషు అంటారనుకున్నా. 12 మంది మొదట చెప్పింది టైము. ఒకామె చెప్పింది నాకు గుర్తుండిపోయింది, "పిల్లోడు బావి దగ్గరికి పోతాడేమో అని చేలో కలుపు తీస్తుంటే చేతులాడవు" అంది.

బెంగళూరులో ఉన్న 8 మందిలో ముగ్గురు అక్కడ బడికే పోవడం లేదు. బిల్డింగు కట్టే చోట షెడ్డులో ఉంటున్నారు. నేను రోజూ అదే రోడ్డు మీద పోతాను, చూడలేదు. సుగ్గి దారి అన్నా, వాళ్ల పేర్లు రాసి మండల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

ఆవులు 61, ఇప్పుడు పాలిచ్చేవి 27. రోజుకు 85 లీటర్ల దాకా. డెయిరీ బండి 4 కిలోమీటర్ల దూరం నుంచే తిరిగి పోతోంది, 100 లీటర్లుంటే వస్తామన్నారు.

డ్వాక్రా_అక్క | ఫిబ్రవరి 9

85 ఉంటే 100 ఎంత దూరం. గొర్రెలోళ్ల ఇళ్లలో ఆవులుంటాయి, వాళ్లు పాలు అమ్మరు, పెరుగుకు వాడుకుంటారు. చీటీ పద్ధతి చూపిస్తే వాళ్లూ పోస్తారు. మొదటి రెండు నెలలు మీ గ్రూపు డబ్బుతో ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు, అక్కడే సంఘాలు చెడిపోతాయి.

కంబదూరు_కుర్రోడు | జూన్ 24

చాలా రోజులైంది, అడిగినవాళ్లందరికీ జవాబు. మార్చి నుంచి పొద్దున, సాయంత్రం వరండా బడి మొదలుపెట్టాం, ఇద్దరు అమ్మాయిలు. బడి తెరిచాక ఈ నెల 12 నుంచి లెక్క చూస్తే ఊరి బడిలో ఇప్పుడు 22 మంది. 9 మంది వ్యాను దిగారు, బెంగళూరు నుంచి ఇద్దరు వెనక్కి వచ్చి నాయనమ్మ దగ్గర ఉంటున్నారు. షెడ్డులో ఉన్న ముగ్గురిలో ఒకడే వచ్చాడన్నా, మిగతా ఇద్దరి నాన్న వేరే సైట్‌కు మారిపోయాడు, ఫోన్ కలవడం లేదు. వెతుకుతున్నాం.

రెండో టీచరు ఇంకా రాలేదు. కమిటీ తీర్మానం, పిల్లల పేర్లు జతచేసి ఇచ్చాం. బస్సు టైము మారలేదు, ఇంకోసారి పోతాం. చెరువు పూడిక సగం దాకా తీశారు, వాన మొదలై ఆగింది. ఆర్చి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

పాల మిషను 38 వేలు అయింది. మే నెలలో మేత లేక పాలు 60 లీటర్లకు పడిపోయి బండి వాళ్లు రెండు వారాలు ఆపేశారు, అక్క ముందే చెప్పింది, మేము వామి వేసుకోలేదు. ఇప్పుడు పచ్చగడ్డి వచ్చి 104 ఉంది. అక్కా, ఈసారి ఎంత కట్టె నిల్వ పెట్టాలో, ఒక ఆవుకు నెలకు ఎంత పడుతుందో లెక్క కావాలి.

వ్యాను_ఎక్కించే_తల్లి | జూన్ 24

మా ఊళ్లో కూడా ఇలా చేద్దామని మా కమిటీలో అడిగాను. ఆ అమ్మాయిలు పొద్దున ఏం చేయిస్తారో, వారం టైంటేబుల్ ఉంటే ఇక్కడ పెట్టండి తమ్ముడూ. నా కూతురు నాలుగులోకి వచ్చింది, ఇంకా వ్యానులోనే పోతోంది.

డ్వాక్రా_అక్క | జూన్ 25

ఫోన్‌లో చెబితే అర్థం కాదు. వచ్చే ఆదివారం మీ అమ్మను, ఇంకో నలుగురు ఆడోళ్లను తీసుకుని మా ఊరికి రా. పొద్దున 6కి పాలు పోస్తాము, ఆ టైముకే రావాలి. వామి ఎట్లా వేస్తామో, చీటీ పుస్తకం ఎట్లా రాస్తామో కళ్లతో చూడండి. ఉగ్గాని చేసి పెడతా, తిని పోదురు.